కొత్త కోశాధికారికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మన యువజన సంఘానికి నిన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు సంతోషంతో పాటు కొంత దిగులు కూడా కలిగింది. పదకొండేళ్లు ఆ పని చేసినవాణ్ని కనుక, అందులో మనిషి ఎక్కడ చిక్కుకుంటాడో నాకు తెలుసు.

దొంగబుద్ధి గలవాళ్లను నేను తక్కువగానే చూశాను. సంఘం డబ్బూ సొంత డబ్బూ ఒకే జేబులో కలిపేసుకొని, తర్వాత విడదీసి చూపలేక తలవంచుకున్నవాళ్లే ఎక్కువ. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలై, మిర్యాలగూడ మిల్లుల నుంచి రైతుల చేతికి డబ్బు వచ్చాకే మనకు చందాలు వస్తాయి. బతుకమ్మ నాటి దీపాలకో, షామియానాకో ఖర్చు మాత్రం ముందే పడుతుంది. ఆ నడుమ కార్యదర్శి తన చేతి డబ్బు పెట్టడం, చందా రాగానే తీసుకోవడం మామూలైపోతుంది. నా కాలంలో ఒక కార్యదర్శి గ్రంథాలయానికి బీరువా చేయించి, వడ్రంగికి మూడు విడతలుగా డబ్బిచ్చి, రెండింటికే రసీదు తీసుకున్నాడు. మూడో విడత 1,800 రూపాయలు. ఆయన ఇస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అయినా సర్వసభ్య సమావేశంలో నా మాట చెల్లలేదు, చెల్లకూడదు కూడా, ఎందుకంటే లెక్క రాయవలసినవాడే లెక్కకు సాక్షిగా నిలబడితే సభ్యులు ఇక ఎవరిని అడగాలి? ఆయన మళ్లీ సంఘం గడప తొక్కలేదు. ఆ పూటే వోచరు రాయించనందుకు తప్పులో సగం నాదే.

ఇప్పుడు జేబు స్థానంలోకి ఫోను వచ్చింది. వినాయక చవితి చందాలకు నీ సొంత ఖాతా క్యూఆర్ కోడ్ అంటించవద్దు. సంఘం పేరిటే ఖాతా ఉండాలి, ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు బయటికి రావాలి. చేతిలో నగదు ఎంత ఉంచుకోవచ్చో కార్యవర్గం చేత అంకెతో సహా తీర్మానం చేయించు. ఎవరికైనా అడ్వాన్సు ఇస్తే ఆ రోజే నగదు పుస్తకంలో వారి పేరున రాయి. దానికి బిల్లులు అందనిదే, అడిగినవారు అధ్యక్షులైనా సరే, కొత్తది ఇవ్వకు. బిల్లు ఇవ్వలేని కూలివారికి చెల్లించినప్పుడు తేదీ, పని, మొత్తం రాసి సంతకమో వేలిముద్రో తీసుకో.

మన సంఘం 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది కాబట్టి, ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. అది పంపినంత మాత్రాన సభ్యులకు లెక్క చెప్పినట్టు కాదు. జమాఖర్చుల పట్టికను సమావేశానికి వారం ముందే సంఘం గోడకు అంటించు. ఆ రోజు చదివి వినిపిస్తే అంకెలు చెవిన పడి పోతాయే తప్ప ఎవరూ ఆలోచించి అడగలేరు. లెక్క అడిగినవాణ్ని గొడవ మనిషిగా చూసే అలవాటు మన ఊళ్లో ఉంది, అది నన్ను చాలా ఏళ్లుగా బాధిస్తున్నది. అడిగినవారిని కూర్చోబెట్టి, వోచర్ల కట్ట వారి చేతికే ఇవ్వు.

బాధ్యత తీసుకునే రోజు పాత కోశాధికారితో కలిసి పాసుపుస్తకం నిల్వ, చేతి నగదు, మిగిలిన రసీదు పుస్తకాల వరుస సంఖ్యలు రాసి ఇద్దరూ సంతకం చేయండి. వంద రూపాయలు తక్కువైనా నీ చేతి నుంచి వేసి సరిచేయకు. తక్కువని మొదటి పేజీలో అలాగే రాయి.

ఇట్లు,
నీ మేనమామ