డేనిష్ నేర్చుకుంటున్న తమ్మునికి, మరదలికి

హన్మకొండ

తమ్మీ,

మొన్న శోభ ఫోన్ చేసి, మీరిద్దరు డేనిష్ మొదలువెట్టిన్రని, వచ్చే మే నెలల డెన్మార్క్ల ఉన్న ఓడెన్సేకు, కొడుకు దగ్గరికి పోయేవరకు మనుమరాలితోని మాట్లాడేటట్టు కావాలని పట్టు వట్టిన్రని చెప్పింది. నువ్వు సింగరేణిల, ఆమె బడిల అన్నేండ్లు నౌకరి జేసి, ఇగ కాలు మీద కాలేసుకొని కూసునే టైంల మళ్ల అఆలు దిద్దుతున్నరంటే నా కడుపు నిండింది. మీ బావ కూడ మస్తు మురిసిండు. కానీ ఫోన్ పెట్టే ముందు శోభ ఇంకో మాటన్నది: "వదినా, ఆయన పెద్ద నోటుబుక్కు కొన్నడు, రోజుకు ఇరవై మాటలు తెలుగుల రాసి బట్టీ పడుతున్నడు" అని. గా మాటకు నాకు నిద్ర వట్టలే. ఆ నోటుబుక్కు ఇయ్యాలనే పక్కకు పెట్టు. ఎందుకో చెప్త.

దానికన్న ముందు సెవుల డాక్టర్ దగ్గరికి పోయి ఇద్దరు ఆడియోగ్రామ్, అంటే సెవి ఎంత ఇంటదో చూసే పరీక్ష, తీయించుకోండ్రి. వయసుతోని ముందుగాల తగ్గేది సన్నటి శబ్దాలు ఇనుడు: స, ఫ, త అసొంటివి. తెలుగుల అయితే సగం ఇనకున్న మిగతాది మనమే ఊహించుకుంటం. కొత్త భాషల ఆ ఊహ అందది. లోపం సెవిల ఉంటె "నా బుర్ర మందమైంది" అని మనసు కుంగుతది. నీవి గనిల మోత ఇన్న సెవులు, నువ్వు తప్పక పోవాలె. రేపు, ఎల్లుండి అనకు.

రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాల చొప్పున చాలు. ఒకేసారి రెండు గంటలు కూసోకుండ్రి. పొద్దుగాల నడకకు పోయినప్పుడు ఒక్క సెవిల ఇయర్‌ఫోన్ పెట్టుకోండ్రి, రెండోది బండ్ల చప్పుడుకు ఇడిసిపెట్టాలె. ఫోన్‌ల డేనిష్ అక్షరాల కోసం వేరే కీబోర్డు కొనద్దు, ఇంగ్లీషు ఎ మీద, ఓ మీద వేలు ఒత్తి పడితే వాళ్ల అక్షరాలు మూడూ వస్తయి. భాషలు నేర్పే డ్యూలింగో యాప్ల డేనిష్ ఉన్నది, కానీ అది ఇంగ్లీషు నుంచి నేర్పుతది. మాటలు గుర్తుండుటానికి పనికొస్తది, సెవికి చాలది.

ఇగ ఆ నోటుబుక్కు సంగతి. మేము గూడ గట్లనే మొదలువెట్టినం. ఎడమ పక్క డేనిష్ మాట, నడుమ తెలుగు అక్షరాలల్ల దాని పలుకు, కుడి పక్క అర్థం. నాలుగు నెలలల్ల ఆరు వందల మాటలు రాసినం. పొద్దుగాల లేచి ఇద్దరం గట్టిగ చదివేటోళ్లం. డెన్మార్క్ పోయినంక దుకాణంల పాల డబ్బా మీద, రొట్టె ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నదో మంచిగనే తెలిసింది. మా మనుమరాలు వచ్చి, నేను తీస్కపోయిన సకినాల డబ్బా మూత తీసి, ఒక సకినం చూపెట్టి ఏదో అడిగింది. "వెయదే?" అన్నట్టు ఇనవడ్డది. మాకు సమజ్ కాలే. మళ్ల అడిగింది. మూడోసారి గూడ అడిగింది. తర్వాత సకినం డబ్బాలనే పెట్టి తల్లి దగ్గరికి పోయింది. పిల్ల అడిగింది "ఇదేంది?" అని. మా నోటుబుక్కు మొదటి పేజిల ఉన్న వాక్యమే అది. మేము దాన్ని "హ్వద్ ఎర్ దెట్" అని రాసుకొని, నాలుగు నెలలు గట్లనే చదివినం.

తప్పు ఎక్కడున్నదంటే, డేనిష్ రాత ఎప్పటిదో పాత పలుకును పట్టుకొని ఉన్నది, నోరు దాన్ని ఇడిసి శాన దూరం పోయింది. "ఏంది" అనేటానికి హెచ్, వి, ఎ, డి అని నాలుగు అక్షరాలు రాస్తరు, నోట్లె "వ" ఒక్కటే ఉంటది. డి, ఇ, టి అని రాసి "దే" అంటరు. జె, ఇ, జి అని రాసి "యై" అంటరు, "నేను" అని. నీళ్లకు వి, ఎ, ఎన్, డి రాస్తరు, చివరి డి ఎవ్వలు పలకరు. మన లిపి దీనికి పూర్తిగ ఎదురు. రాసిన ప్రతి అక్షరం పలుకుతం. మాట చివర హల్లు ఉంటె దానికో "ఉ" తగిలిస్తం, "బస్సు", "కారు" అన్నట్టు. డేనిష్ మాటను తెలుగుల రాసిన్నాడే కన్ను తెలుగు చదువుతది, నోరు తెలుగు పలుకుతది, అన్నిటికన్న చెడ్డది ఏందంటే, సెవి ఆ తెలుగు పలుకు కోసమే ఎదురు చూస్తది. ఎదుటి మనిషి అసలు పలుకు పలికినప్పుడు పక్క నుంచే దాటిపోతది. మేము నేర్చుకున్నది నాలుగు నెలలు, దాన్ని మరిచేటానికి ఏడాది దాటింది. కొత్తగ నేర్చుకునుడు కన్న తప్పుగ నేర్చుకున్నదాన్ని ఇడుసుడు కష్టం తమ్మీ. హల్లులు మింగేసుడుతోని మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతదో దొరకక, డేనిష్ పసిపిల్లలే వేరే దేశాల పిల్లల కన్న మాటలు కొంచెం ఆలస్యంగ పట్టుకుంటరని అక్కడి భాషా పరిశోధకులు చెప్పిన్రు. మీకు గూడ మొదట్ల ఏం అర్థం కాకుంటె భయపడద్దు.

ఈ ఉత్తరంల నేనే తెలుగుల రాస్తున్న గద అంటవేమో. ఏ మాట ఇనాలెనో గుర్తు కోసం రాస్తున్న. వీటిని చూసి పలకకు.

చేసేది ఇట్ల. ఓడెన్సేల కోడలికి చెప్పి వారానికి పది వాక్యాలు రికార్డు చేయించుండ్రి. ఒక్కో వాక్యం ముందుగాల ఇంట్ల మాట్లాడే జోరుతోని, తర్వాత మెల్లగ. ఈ వరుస తిరగెయ్యద్దు. మెల్లగ చెప్పినప్పుడు ఎవ్వలైనా మింగిన అక్షరాలను గూడ పలుకుతరు, అది ముందుగాల సెవిల పడితే మళ్ల పాత కథనే. ఒక వాక్యం పదిసార్లు కండ్లు మూసుకొని ఇనాలె. తర్వాత రికార్డుతోని కలిసి అనాలె, దాని తర్వాత కాదు, దానితోనే. మీ గొంతు ఫోన్‌ల రికార్డు జేసి పక్కపక్కన పెట్టి ఇనాలె. అప్పుడే రాత చూడాలె. డేనిష్ అక్షరాలల్లనే రాసుకొని, పలకని అక్షరాన్ని పెన్సిల్‌తోని కొట్టెయ్యుండ్రి. ఒక్క మాట కావాల్నంటె "డెన్ డాన్‌స్కె ఓర్డ్‌బోగ్" అనే నిఘంటువు ఇంటర్నెట్‌ల ఉచితంగ ఉన్నది, మాట పక్కన ఉన్న గుర్తు ఒత్తితే మనిషి గొంతుతోని ఇనవడతది.

పలుకులల్ల మనోళ్లు పడే గుంతలు నాకు ఎరుకైనయి చెప్త. మొదటిది ప, ట, క. మాట మొదట్ల వీటిని వాళ్లు గాలి ఇడిసి అంటరు, ఖ, ఠ లెక్క. మనం గాలి లేకుంట అంటం. గాలి లేని "ప" వాళ్ల సెవికి "బ". బాణాన్ని "పిల్" అంటరు, కారును "బిల్" అంటరు. మనం "పిల్" అంటె వాళ్లు కారు అనుకుంటరు. సన్న కాయితం ముక్క నోటి ముందల నాలుగు వేళ్ల దూరంల పట్టుకొని "టాక్" అను, అంటే థ్యాంక్స్. కాయితం ఊగకుంటె మళ్ల అను.

రెండోది మెత్తటి డి. అన్నాన్ని ఎమ్, ఎ, డి అని రాస్తరు. చివరిది ద కాదు, డ కాదు. నాలుక కొన కింది పండ్ల ఎనక పెట్టి, నాలుక నడిమి భాగం లేపి, ఎక్కడా తాకకుంట గొంతు ఇడువాలె. మన సెవికి "ల" అన్నట్టు ఉంటది, కానీ "ల"కు నాలుక కొన పైకి పోతది, దీనికి కిందనే ఉండాలె. నెల పడుతది. అద్దం ముందల చెయ్యుండ్రి.

మూడోది గొంతుల పడే చిన్న కటకు. పసిపిల్లగాడు పొయ్యి దిక్కు పోతుంటె "అ-అ" అని ఆపుతం గద, ఆ రెండు "అ"ల నడుమ గొంతు ఒక్కసారి మూసుకుంటది. అదే. "హున్" అంటె ఆమె. అదే మాటకు కటకు పెడితె కుక్క. "మోర్" అంటె తల్లి, కటకు పెడితె హత్య. వియ్యపురాలి ముందల ఇది పైలం.

అన్నీ కష్టమే కాదు. వాళ్ల అచ్చుల్ల ఒకటి మన దగ్గర ఉండనే ఉన్నది: "మేక" అన్నప్పుడు "మే", "మేకు" అన్నప్పుడు "మే" ఒక్కటి కావు, జర మెల్లగ అని చూడు. "మేక"ల ఉన్న అచ్చు వాళ్ల ఎ-ఇ అతికిన అక్షరానికి దగ్గర. ఇంకో రెండింటికి ఉపాయం ఉన్నది: పెదవులు "ఊ" అన్నట్టు గుండ్రంగ పెట్టి లోపల "ఈ" అంటె వాళ్ల వై అక్షరం పలుకు వస్తది, "ఓ" అన్నట్టు పెట్టి "ఏ" అంటె గీత కొట్టిన ఓ వస్తది. "ర" గొంతు ఎనక నుంచి రావాలె, చౌరస్తాల ఉర్దూ మాట్లాడేటోళ్లు "గరీబ్" అన్నప్పుడు మొదట్ల వచ్చే గైన్ లెక్క. నువ్వు చిన్నప్పుడు సుల్తాన్‌బజార్ల బేరమాడినోనివి, నీకు వస్తది.

లెక్కల కాడ మన నాయిన యాదికొస్తడు. సవా (ఒకటింబావు), డేఢ్ (ఒకటిన్నర), ఢాయి (రెండున్నర) ఎక్కాలు చెప్పియ్యకుంట అన్నం ముందల కూసోనిచ్చేటోడు కాదు. నువ్వు ఢాయి కాడ ఆగి ఏడ్సేటోనివి, నేను ఎనక నుంచి అందిచ్చేదాన్ని. ఇప్పుడు అవే పనికొస్తయి. డేనిష్ల 50 అంటె "మూడోది సగమైన ఇరవైలు", అంటే ఢాయి ఇరవైలు. 60 మూడు ఇరవైలు, 70 మూడున్నర ఇరవైలు, 80 నాలుగు, 90 నాలుగున్నర. ఒకట్లు ముందుగాల, పదులు తర్వాత: 75ను "ఐదూ డెబ్బై" అంటరు, ఉర్దూల "పచ్‌హత్తర్" అన్నట్టు. ఫోన్ నంబర్లు ఎనిమిది అంకెలు, జంటలుగ చెప్తరు. జంట మొత్తం ఇన్నంకనే రాయి, ఇనంగనే రాస్తె 75 పోయి 57 అయితది.

గడియారం ఇంకా పైలం. "హల్ ఫీర్" అంటె సగం నాలుగు. మనకు నాలుగున్నర అనిపిస్తది. కాదు, మూడున్నర. నాలుగు కాలేదు, సగం దూరం వచ్చింది అని వాళ్ల లెక్క. పిల్లను బడి నుంచి తీస్కరమ్మని చెప్తె మీరు గంట ఆలస్యంగ పోతరు, పిల్ల గేటు దిక్కు చూసుకుంట కూసుంటది. నాకు అన్నిటికన్న భయం ఇదే. టైం ఎవ్వలు చెప్పినా అంకెలల్ల రాయించుకోండ్రి, సిగ్గు పడద్దు.

శోభకు ఒక సంతోషపు మాట. తల్లి "మోర్", తండ్రి "ఫార్". తల్లి తల్లి "మోర్‌మోర్", అచ్చం మన అమ్మమ్మ. తండ్రి తల్లి "ఫార్‌మోర్", నాయనమ్మ. నువ్వు "ఫార్‌ఫార్". మేనమామకు, మేనత్తకు, చిన్నమ్మకు గూడ వేరే వేరే మాటలున్నయి. ఇంగ్లీషు లెక్క అందరినీ ఒక్క గంపల వెయ్యరు. వరుసలు నేర్చుకునుడు మీకు ఒక్క పూట పని.

వ్యాకరణం ఎక్కువ చెప్ప. తింటున్న, తింటున్నవ్, తింటున్నడు అని క్రియ మారది, అందరికి ఒక్కటే. కానీ అది వాక్యంల రెండో స్థానంలనే ఉండాలె: "ఇయ్యాల తింటం మనం బువ్వ" అన్నట్టు. మనం చివరి దాక దాచిపెడతం, వాళ్లు ఆగరు. వస్తువుల పేర్లు రెండు జాతులు, "ఎన్", "ఎట్". నాలుగిట్ల మూడొంతులు "ఎన్". ఒకదానికి ఎర్ర సిరా, ఇంకోదానికి నీలం వాడుండ్రి, ఉత్త మాట ఎన్నడు రాయద్దు.

వియ్యాలోళ్ల ఇంట్ల అన్నం తిని లేస్తూ "టాక్ ఫర్ మ(డ్)" అనాలె, అన్నానికి థ్యాంక్స్ అని. మొదటిసారి వడ్డిస్తమంటె మొహమాటానికి వద్దనద్దు. వద్దంటె వాళ్లు నిజంగనే వద్దనుకుంటరు, మళ్ల అడుగరు, నువ్వు ఆకలితోని లేస్తవు. "మీరు" అనే మాట వాడుకల లేనట్టే, డాక్టర్‌కైనా "దు", అంటె నువ్వు. నోట్లె నుంచి వచ్చేటప్పుడు కష్టమైతది, మర్యాద తక్కువ కాదు అది.

అక్కడ భాషాబడి ఉంటది గద అనుకోకు. అది ఆ దేశంల ఉండేటోళ్లకు, సీపీఆర్ నంబరు, అంటే అక్కడ ఉండేటోళ్లకు సర్కారు ఇచ్చే గుర్తింపు నంబరు, ఉన్నోళ్లకు. మీది 180 రోజులల్ల 90 రోజుల వీసా. శాన ఊర్లల్ల లైబ్రరీల భాషా కేఫ్ అని, నలుగురు కూసోని డేనిష్ మాట్లాడుకునేటందుకు, వారానికోసారి పెడతరు, కొడుకును కనుక్కొమ్మను. పోయిన మొదటి రోజే ఇంటి వీధి పేరు, నంబరు కోడలితోని చెప్పించుకొని, సెవితోని నేర్చుకోండ్రి. ఆపదకు నంబరు మన దగ్గర లెక్కనే 112, కానీ అడ్రస్ చెప్పరాకుంటె ఫోన్ చేసి ఏం లాభం?

ఇంకొకటి, కోపం రావద్దు. శోభ నోరు నీకన్న తొందరగ తిరుగుతది, బడిల పిల్లలతోని గడిపిన నోరు. ఆమె తప్పన్నప్పుడు నడుమల దిద్దకు. నీకు చిన్నప్పటి సంది తప్పు కనవడితే ఆగదు. ఇంట్ల వాదులాడుకోండ్రి, పిల్ల ముందల మాత్రం ఒకరి మాట ఒకరు ఆపద్దు. పిల్ల మీ ఇద్దరిల ఎవ్వరితోని మాట్లాడాల్నో తెల్వక ఊకుంటది.

మొదటి పది వాక్యాలు ఇవి అడుగుండ్రి: ఇదేంది, ఆకలైతుందా, ఇంక కావాల్నా, ఇటు రా, ఆగు, పైలం, ఎక్కడ నొస్తుంది, నిద్రొస్తుందా, ఇది నాది, మళ్ల చెప్పు. కోడలు చెప్పినంక అవే పిల్లతోని గూడ చెప్పించుమను, ఎందుకంటె మీరు అర్థం చేసుకోవాల్సింది ఆ గొంతును. రికార్డు వచ్చినంక నాకు గూడ పంపు. ఆదివారం పొద్దుగాల పదింటికి ఫోన్ చేస్త, ముందుగాల శోభకు ఇయ్యి.

మీ అక్క