ముందు కుర్చీ వేసుకుని కూర్చో

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని మరీ చూశాను. అన్నింట్లోనూ పిట్టకి పంచదార నీళ్లు పోసి వేలాడదీసే ఎర్ర ప్లాస్టిక్ ఫీడర్ స్పష్టంగా పడింది, హమ్మింగ్‌బర్డ్ మాత్రం నల్లటి మరకలా ఉంది. కెమెరా మార్చమంటావా అని అడిగావు. వద్దు నాన్నా. నీ దగ్గరున్న కెమెరా, దూరంగా ఉన్నవి దగ్గరగా చూపించే ఆ 70-300 లెన్స్ చాలు. ఇక్కడ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మా పెరట్లో నేను పదకొండేళ్లుగా అలాంటి లెన్స్‌తోనే తీస్తున్నాను.

నువ్వు కెమెరా ఎత్తి పిట్ట వెంట తిప్పుతున్నావని ఫోటోలు చూస్తేనే తెలుస్తోంది. అలా ఎవరికీ దొరకదు. సెకనుకి 40 సార్లకు పైగా రెక్కలాడించే పిట్ట అది. అందుకని ఒక వారం కెమెరా లోపలే ఉంచు. పొద్దున్నే కాఫీ తీసుకుని ఫీడర్‌కి ఎనిమిది పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చో. రోజూ అదే చోట, అదే వేళకి. నాలుగైదు రోజులకి నిన్ను పట్టించుకోవడం మానేస్తుంది.

అప్పుడు గమనించు. ముక్కు పెట్టి తాగుతుంది, తల తీసి బెత్తెడు వెనక్కి జరుగుతుంది, గాల్లో అలాగే నిలబడుతుంది, మళ్లీ ముందుకొచ్చి తాగుతుంది. వెనక్కి జరిగి నిలబడిన ఆ లిప్తపాటే నీకు కావలసింది. ఆ కాసేపూ దాని వెనక ఆకాశమో ఆకులో తప్ప ప్లాస్టిక్ ఉండదు. ఫోకస్ ముందే ఆ బెత్తెడు జాగా మీద పెట్టుకుని వేలు షట్టర్ మీద ఉంచుకో. ఫీడర్‌కి నాలుగు రంధ్రాలుంటే మూడింటిని టేపుతో మూసెయ్, ఎటునుంచి వస్తుందో వెతుక్కునే పని ఉండదు. దగ్గర్లో ఒక ఎండుపుల్ల కూడా కట్టు. మగది ఫీడర్ తన సొత్తే అనుకుంటుంది. ఆ పుల్ల మీద కూర్చుని కాపలా కాస్తుంది, ఇంకోటి వస్తే తరిమి మళ్లీ అక్కడికే వచ్చి వాలుతుంది. మొదటి మంచి ఫోటో నీకు బహుశా ఆ పుల్ల మీదే వస్తుంది.

సెట్టింగుల సంగతి ఎక్కువ చెప్పను. షట్టర్ వేగం 1/2000 సెకను కంటే తగ్గించకు, ఎండ బాగుంటే 1/3200 పెట్టు. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం, 1600 అయినా భయపడకు, గింజలు గింజలుగా ఉన్న ఫోటోని తర్వాత బాగుచేసుకోవచ్చు గానీ కదిలిపోయిన కన్నుని ఏమీ చెయ్యలేం. రెక్కల చివర కాస్త చెదిరితే చెదరనీ, అది ఎగురుతున్న పిట్ట. కన్ను మాత్రం సూదిమొనలా పడాలి. ఫీడర్ని ఫెన్స్‌కి పది పన్నెండు అడుగులైనా ఇవతలికి జరిపితే వెనకంతా మెత్తగా ఒకే రంగులో కలిసిపోతుంది.

"మగదానికి గొంతు గులాబీ రంగన్నావు, నాకు నల్లగానే పడుతోంది" అన్నావు కదా, అది మన చేతిలోనే ఉంది. మనకి ఏడాదంతా కనిపించే ఈ ‘అన్నాస్’ జాతి హమ్మింగ్‌బర్డ్ గొంతు మీదా నెత్తి మీదా ఉన్న ఆ రంగు పూసినట్టుండే రంగు కాదు. ఈకల నిర్మాణం వెలుగుని తిప్పికొడితే పుట్టే మెరుపు. కోణం కుదరకపోతే నలుపే. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి, పిట్ట నీకేసి తిరగాలి. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు అది తల ఇలా తిప్పగానే నల్లటి గొంతు ఒక్కసారి నిప్పులా వెలుగుతుంది, అటు తిప్పితే ఆరిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి ఆగినట్టే ఉంటుంది. ఆడదానికి ఆకుపచ్చ వీపు, గొంతు మీద చిన్న చుక్కలే. దాన్ని నీడలో తీస్తేనే అందం.

మగది ఆకాశంలోకి పోయి రాయిలా కిందకి దూకి, అడుగున "కిచ్" మని అరిచినట్టు వినిపిస్తుంది చూడు, అది గొంతుతో చేసే చప్పుడు కాదని, తోకఈకలు గాలికి అదిరి వచ్చేదని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో తేల్చారు. దాన్ని ఫోటో తియ్యాలని చూడకు. చెవిపెట్టి విను.

ఇక తిండి. కప్పు తెల్ల పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు, కరిగేదాకా కలపడమే. అమ్మ అడిగినట్టు బెల్లం వెయ్యకూడదు, తేనె, బ్రౌన్ షుగర్ కూడా వద్దు. ఎర్రరంగు అసలే వద్దు, ఫీడర్ ఎరుపు చాలు. ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి పారబోసి, వేడినీళ్లతో బ్రష్ పెట్టి తోమి మళ్లీ నింపు. నీళ్లు కొంచెం మబ్బుగా కనిపించినా ఆగకు. ఊరెళ్తుంటే ఫీడర్ దించి వెళ్లు.

కిటికీ గురించి చెప్పకుండా ఉండలేను. మొదటి ఏడాది వెలుగు బాగుందని వంటింటి కిటికీకి ఎనిమిది అడుగుల్లో వేలాడదీశాను. ఒక మధ్యాహ్నం "టప్" మని చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆడపిట్ట, రాళ్ల మీద వెల్లకిలా పడుంది. అరచేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు, నాలుగు గ్రాముల ప్రాణం, వెచ్చదనం మాత్రం తెలిసింది. ముక్కు మీద పుప్పొడి పసుపు ఇంకా అంటుకునే ఉంది. చెప్పుల డబ్బాలో పెట్టి మూతేసి, అరగంటయ్యాక పెరట్లో తెరిచాను. రివ్వున పోయింది గానీ ఆ అరగంట నేను పడ్డ బాధ నువ్వు పడకూడదు. ఫీడర్‌ని కిటికీకి మూడడుగుల లోపు పెట్టు, లేదా ముప్ఫై అడుగుల అవతల. మీ శాన్ హోసే ఇంటి పెరడు చిన్నది, ముప్ఫై అడుగులు కుదరదు, మూడడుగుల లోపు పెట్టడం కూడా వీలుకాకపోతే కిటికీ బయట జాలీ బిగించు.

ఫ్లాష్ వాడొచ్చా అన్నావు. ఫీడర్ నీడలో ఉంటే ఫ్లాష్ పవర్ 1/32కి తగ్గించి వాడొచ్చు, ఆ వెలుగు అతి తక్కువసేపు ఉంటుంది కాబట్టి రెక్కలు ఆగినట్టే పడతాయి. నాకు పొద్దుటెండే ఇష్టం. గూడు దగ్గర మాత్రం ఫ్లాష్ మాటే వద్దు.

గూడు అంటే గుర్తొచ్చింది. డిసెంబరులోనే మొదలుపెడతాయి. సాలెగూటి దారాలతో అల్లి, పైన నాచు ముక్కలు అతికించి, అక్రోటుకాయంత కట్టుకుంటాయి. కొమ్మ మీద బుడిపె అనుకుంటాం. మీ నిమ్మచెట్టు కత్తిరించే ముందు ప్రతి కొమ్మా చూడు. గుడ్లో పిల్లలో ఉన్న గూడు తొలగించడం అమెరికాలో 1918 నుంచి ఉన్న వలస పక్షుల చట్టం ప్రకారం నేరం కూడా.

నా దగ్గర ఒకే రంధ్రం ఉన్న చిన్న ఫీడర్ ఒకటి ఖాళీగా ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి పట్టుకెళ్లు. పొద్దున్నే వస్తే మా మగపిట్టని పుల్ల మీద చూపిస్తాను, ఏడున్నరకల్లా అక్కడే ఉంటుంది.

మీ పెద్దమ్మ