పది టన్నులా, ఆరు టన్నులా? డిపాజిట్ జోలికి వెళ్లే ముందు

ప్రశ్న: పర్లాకిమిడిలో మేడ మీద మాకు 700 చదరపు అడుగుల బట్టల దుకాణం ఉంది. పడమటి వైపంతా అద్దాలే. ఏసీలకు ఒక డీలరు పది టన్నులు కావాలన్నారు, మరొకరు ఆరు చాలన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి పెద్దదే పెట్టించమంటారా?

జవాబు: ముందు టన్నుల లెక్క తేలనివ్వండి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లను, బయటికి తోడే సామర్థ్యం. దుకాణంలో ఒకేసారి పదిహేను మంది ఉన్నారనుకున్నా వాళ్ల ఒంటి వేడి, ఒక్కొక్కరికి 130 వాట్ల చొప్పున చూసినా, అర టన్నుకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. మీ దుకాణంలో అసలు భారం ఎండ కాచే స్లాబుది, ఆ అద్దాలది. స్లాబుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్‌రూఫ్ పూత వేయించి, అద్దాలకు బయటి నుంచి నీడ ఏర్పాటు చేసి, ఆ తర్వాతి హీట్ లోడ్ (ఏసీ తోడవలసిన మొత్తం వేడి) లెక్కను కాగితం మీద రాసిమ్మని ఇద్దరినీ అడగండి. ఇవ్వనని అన్నవారి దగ్గర నేనైతే కొనను.

అవసరానికి మించిన ఏసీ త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది గనుక గాలిలోని తేమను సరిగా లాగదు. వానాకాలపు ఉక్కలో బట్టల నిల్వకు అది మంచిది కాదు. అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకునే ఇన్వర్టర్ రకాల్లో ఈ ఇబ్బంది తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. పైగా విద్యుత్ కనెక్షన్ లోడు పెంచుకుంటే, కిలోవాట్ల చొప్పున పడే స్థిర ఛార్జీని ఏసీ వేయని చలికాలంలోనూ కట్టవలసిందే. లెక్క ఆరు దగ్గర తేలితే రెండేసి టన్నులవి మూడు పెట్టించండి; గిరాకీ పలచగా ఉన్న వేళ ఒకటి నడిపితే సరిపోతుంది. రోజంతా నడిచే దుకాణానికి ఐదు స్టార్ల ఏసీ అదనపు ధర ఇంటికన్నా త్వరగా తిరిగి వస్తుంది.

ఏసీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమే. మీరు కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) లేకపోతే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కొంటే మాత్రం మీ ఒడిశా జీఎస్టీ నంబరుతో, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పడే జీఎస్టీ) వేసిన బిల్లు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జీఎస్టీ పడితే ఆ క్రెడిట్ మీకు రాదు. సరిహద్దు వ్యాపారులు తరచుగా నష్టపోయేది ఇక్కడే. క్రెడిట్ పోను మిగిలిన ధరపై ఆదాయపు పన్ను లెక్కలో ఏటా 15 శాతం తరుగుదల చూపవచ్చు, కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగం.

అప్పటికీ సొమ్ము చాలకపోతే డిపాజిట్ రద్దు చేయకుండా దానిపైనే అప్పు తీసుకోండి. వడ్డీ సాధారణంగా డిపాజిట్ రేటుకు ఒకటి రెండు శాతం పైన ఉంటుంది; దసరా అమ్మకాలతో తీర్చగలిగినంతే తీసుకోండి.