ఆంప్ కొనబోతున్న మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫెండర్ డీలక్స్ రివర్బ్, మార్షల్ జేసీఎం 800, వాక్స్ ఏసీ30 అని మూడు గిటార్ ఆంప్‌ల (గిటార్ శబ్దాన్ని పెంచి మోగించే యంత్రాల) పేర్లు రాసి వీటిలో ఏది కొనమంటావని అడిగావు. పేర్లు మూడే గానీ ఒక్కో పేరు కింద వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కర్మాగారాల్లో తయారైన ఎన్నో ఆంప్‌లున్నాయి. కొన్ని లోపల దాదాపు ఒకటే, కొన్నింటికి పేరు తప్ప మరే పోలికా లేదు. అందుకని ఏ కంపెనీ ఆంప్ మంచిదన్న మాట పక్కన పెట్టి, ఒకే పేరున్న రెండింటిని ఎదురెదురుగా పెట్టినప్పుడు ఏం చూడాలో, ఎలా వినాలో ముందు రాస్తాను. నీ విషయంలో నా అభిప్రాయం చివరన ఉంటుంది.

పేరు ఎంత తప్పుదారి పట్టిస్తుందో జేసీఎం 800 ఒక్కటి చూస్తే చాలు. ఆ ముద్ర 1981లో వచ్చింది. అందులో 2203 అనే వంద వాట్ల నమూనా లోపలి సర్క్యూట్ మాత్రం 1975 నుంచే ఉంది, దాని మీద కొత్త ముఖం తొడిగారంతే. దానికి యాభై వాట్ల తమ్ముడు 2204. అయితే అదే జేసీఎం 800 పేరు మీద, కాలితో చానల్ (ఒకే ఆంప్‌లో వేరే శబ్దం కోసం పెట్టిన దారి) మార్చుకునే 2205, 2210 అనే నమూనాలు కూడా అమ్మారు. మొదటి రెండింటిలో గరగర (డిస్టార్షన్) అంతా వాల్వుల (గాజు వాక్యూమ్ ట్యూబుల) నుంచే పుడుతుంది. ఈ రెండింటిలోనైతే డయోడ్లు అనే చిన్న భాగాలు పెట్టి ధ్వని అంచులను కోసి గరగర పుట్టిస్తారు. కొందరికి ఆ ధ్వనే ఇష్టం, అందులో తప్పేమీ లేదు. కానీ 2203 శబ్దం మనసులో పెట్టుకొని 2210 కొన్నవాడు, విత్తనాల బస్తా మీది బొమ్మ చూసి దిగుబడి లెక్కగట్టిన రైతులా చేతులు నలుపుకోవలసి వస్తుంది. అమ్మేవాణ్ణి మొట్టమొదట అడగవలసింది వెనుక పలక మీది నమూనా సంఖ్య. ధర మాట ఆ తరువాత.

సర్క్యూట్ ఒకటే అయినా శబ్దం ఎందుకు మారుతుందని నువ్వు అడిగిన ప్రశ్నకు మార్షల్ పుట్టుకే జవాబు చెబుతుంది. ఫెండర్ కంపెనీ 1952లో బేస్ గిటార్ కోసం ఒకే 15 అంగుళాల స్పీకర్‌తో బాస్‌మన్ అనే ఆంప్ తెచ్చింది. అది మారుతూ మారుతూ 1950ల చివరికి నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు, 5ఎఫ్6-ఎ అనే సర్క్యూట్ ఉన్న రూపానికి చేరింది. లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, తన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి 1962లో సరిగ్గా ఆ సర్క్యూట్‌నే నమూనాగా పెట్టుకొని జేటీఎం45 తయారు చేశాడు. కాగితం మీద రెండు పటాలనూ పక్కపక్కన పెడితే కవలలనుకుంటావు. వినేటప్పుడు మాత్రం అలా ఉండదు. బాస్‌మన్‌లో మొదటి వాల్వు 12ఏవై7. మార్షల్‌లో ఆ చోట ఎక్కువ గెయిన్ ఇచ్చే, అంటే సంకేతాన్ని ఎక్కువ పెంచే ఈసీసీ83 పెట్టారు కాబట్టి అది తొందరగా చిట్లుతుంది, అంటే గరగర త్వరగా మొదలవుతుంది. బ్రిటన్‌లో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు వేరు, పవర్ వాల్వులు కూడా కొద్దికాలానికే కేటీ66కు మారాయి. వీటన్నిటికన్నా పెద్ద తేడా చెక్కపెట్టెది. బాస్‌మన్ వెనుక తెరిచి ఉన్న పెట్టె, అందులో 10 అంగుళాల స్పీకర్లు. మార్షల్ పెట్టె వెనుక మూసి ఉంటుంది, అందులో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు. కొనేవాళ్లు వాల్వుల గురించి గంటలు గంటలు వాదిస్తారు గానీ నా అనుభవంలో చెవికి మొదట అందే తేడా స్పీకర్‌ది, పెట్టెది. ఒకే ఆంప్‌ను రెండు పెట్టెలకు మార్చి మార్చి కలిపి విను, నీకే తెలుస్తుంది. కలిపే ముందు రెండు పెట్టెల ఓములూ (విద్యుత్ నిరోధం లెక్క) ఆంప్ వెనుక రాసి ఉన్న ఓములతో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి.

ఇక నీ మనసు ఎక్కువగా లాగుతున్న డీలక్స్ రివర్బ్. అది 1963లో నల్ల ముందు పలకతో వచ్చింది. సుమారు 22 వాట్లు, రెండు 6వీ6 వాల్వులు, ఒకే 12 అంగుళాల స్పీకర్. దానికి మిడిల్ (మధ్య స్వరాల) గుండీ లేదు, బేస్, ట్రెబుల్ మాత్రమే ఉన్నాయి. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) కూడా వైబ్రాటో అనే చానల్‌లోనే వినిపిస్తుంది. 1965 జనవరిలో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ను కొన్నది. ముందు పలక వెండి రంగుకు మారింది 1968 ప్రాంతంలో. నల్ల పలక అంతా పాత యజమానిదనీ, వెండి పలక అంతా పాడైపోయిందనీ చెప్పేవాళ్లు ఈ రెండు తేదీల నడుమ ఉన్న మూడేళ్లను మరిచిపోతారు. పైగా ఫెండర్‌దే అయిన పెద్ద ఆంప్ ట్విన్ రివర్బ్‌లో చేసినన్ని మార్పులు డీలక్స్‌లో చేయలేదు. 1970ల చివరికి ట్విన్‌ను 135 వాట్ల దాకా లాక్కుపోయారు, డీలక్స్ మాత్రం ఇంచుమించు తన దారినే నడిచింది. కాబట్టి వెండి పలక డీలక్స్ ఎవరి దగ్గరైనా తక్కువ ధరకు కనిపిస్తే రంగు చూసి వదులుకోకు.

ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో మూడు రకాలు చూడు. 65 అని రాసి ఉండే పునర్ముద్రణ (పాత నమూనానే మళ్లీ తయారు చేసినది) పాత సర్క్యూట్‌ను అచ్చుబోర్డు (పీసీబీ) మీద కట్టినది. పాతవాటిలో భాగాలను చేత్తో, ఫైబర్ పలక మీద సోల్డర్ చేసేవారు. శబ్దం కన్నా మరమ్మత్తులో ఆ తేడా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అచ్చుబోర్డు మీద సాకెట్ వదులైతే బోర్డు మొత్తం ఊడదీయవలసి వస్తుంది. 68 కస్టమ్ అనేది పేరుకు తగ్గ నకలు కాదు. అందులో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి శబ్దాన్ని శుభ్రంగా ఉంచే ఏర్పాటు) తగ్గించారు, రెండు చానళ్లకూ రివర్బ్ ఇచ్చారు, ఒక చానల్‌కు బాస్‌మన్ తరహా టోన్ సర్క్యూట్ పెట్టారు. నిజమైన 1968 డీలక్స్‌లో ఇవేవీ లేవు. అయినా పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చే కాలి మీటలు) ఎక్కువ వాడేవాళ్లకు ఇదే నచ్చడం చూశాను, అది ముందుగానే చిట్లుతుంది కాబట్టి. మూడోది 2019లో వచ్చిన టోన్‌మాస్టర్. అందులో వాల్వులే లేవు, పాత సర్క్యూట్ నడతను కంప్యూటర్ చిప్ లెక్కగట్టి ఇస్తుంది. పునర్ముద్రణ సుమారు 19 కిలోలుంటే ఇది 10, 11 కిలోల మధ్య ఉంటుంది. వెనుక ఉన్న స్విచ్‌తో శక్తిని 0.2 వాట్ వరకు తగ్గించుకోవచ్చు. వాల్వులు లేవని దాన్ని చిన్నచూపు చూడకు. అద్దె గదిలో, పక్కింటివాళ్లు నిద్రపోయాక సాధన చేసేవాడికి ఆ స్విచ్ విలువ తెలుస్తుంది.

అమెరికాలో, డాలస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు దసరాకు పాత డీలక్స్ తెస్తానన్నాడని రాశావు. పాతదైతే డబ్బు ఇచ్చే ముందు లోపలి ఫోటోలు తెప్పించు. స్పీకర్ వెనుక చట్రం మీద ఒక సంఖ్య కొట్టి ఉంటుంది. 220తో మొదలైతే జెన్సెన్, 465తో మొదలైతే ఆక్స్‌ఫర్డ్. ఆ తరువాతి అంకె సంవత్సరానిది, చివరి రెండూ వారానివి. 465530 అని ఉంటే ఆక్స్‌ఫర్డ్ స్పీకర్, 5తో ముగిసే సంవత్సరం, ముప్పయ్యో వారం. అది 1965 అవునా 1975 అవునా అనేది పలక రంగు, మిగతా భాగాలు తేలుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ల మీద 606తో మొదలయ్యే సంఖ్యను కూడా ఇలాగే చదవాలి. స్పీకర్ తేదీ, ట్రాన్స్‌ఫార్మర్ తేదీ కొన్ని నెలల తేడాలో ఉంటే అవి ఆ ఆంప్‌తోనే పుట్టాయని నమ్మవచ్చు. కరెంటును నిలవ చేసే ఫిల్టర్ కండెన్సర్లు మార్చారని తెలిస్తే ధర తగ్గించమని బేరమాడకు, మార్చకపోతేనే భయపడాలి. రెండు పిన్నుల పాత వైరు ఇంకా ఉంటే మూడు పిన్నులది వేయించాకే చేత్తో ముట్టుకో. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. స్విచ్ ఆపేసిన తరువాత కూడా ఆ కండెన్సర్లలో నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు కాబట్టి, పని తెలిసిన మెకానిక్ తప్ప మరెవరూ వెనుక పలక విప్పి లోపల చెయ్యి పెట్టకూడదు.

రెండింటిని పోల్చి వినే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే మోసపోతారు. కాస్త ఎక్కువ మోగేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. అందుకని ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకొని, ఒకే చోట నిలబడి, రెండు ఆంప్‌లనూ ఒకే డెసిబెల్ దగ్గరకు తీసుకురా. గుండీల మీది అంకెలను సమానం చేసి లాభం లేదు, ఒకదాని మీది 4 మరొకదాని మీది 4తో సమానం కాదు. నీ చెయ్యి కూడా ప్రతిసారీ ఒకేలా మీటదు కాబట్టి లూపర్ పెడల్‌లో ఒక చరణం ముందుగా ఎక్కించి, దాన్నే రెండింటిలోకీ పంపు. మెల్లగా మీటినది, గట్టిగా మీటినది రెండూ అందులో ఉండాలి. ఆంప్‌లను నేల మీద కాకుండా కుర్చీల మీద పెట్టు. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైట్ వెలుగులా సూటిగా ముందుకే విసురుతుంది, మోకాళ్ల దగ్గర మోగే ఆంప్‌ను నిలబడి వింటే అది మొద్దుబారినట్టు అనిపిస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఎదురుగా ఒకసారి, పక్కకు జరిగి ఒకసారి విను. ఏది మోగుతోందో నీకు తెలియకుండా స్నేహితుడిచేత మార్పించగలిగితే ఇంకా మంచిది. ఇంత చేశాక కూడా తేడా తెలియకపోతే తక్కువ ధరది తీసుకో.

వాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అందువల్ల వంద వాట్ల 2203కు, యాభై వాట్ల 2204కు మధ్య నువ్వు ఊహించినంత తేడా లేదు. పెద్దదానిలో బేస్ గట్టిగా నిలబడుతుంది, అంతే.

ఏసీ30 గురించి ఎక్కువ రాయను, నీకు పనికొస్తుందని నేననుకోవడం లేదు. 1959లో డిక్ డెన్నీ రూపకల్పనలో వచ్చిన ఆ ఆంప్‌లో నాలుగు ఈఎల్84 వాల్వులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేని పవర్ భాగం ఉంటాయి, అందుకే ఆ మెరుపు. ట్రెబుల్ పెంచే టాప్ బూస్ట్ మొదట్లో విడిగా చేర్చిన సర్క్యూట్ కాబట్టి పాతవాటిలో అది ఉందో లేదో అడగాలి. కొత్తవాటిలో సీ2 అని ఉంటే గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు, సీ2ఎక్స్ అని ఉంటే ఖరీదైన అల్నికో బ్లూ స్పీకర్లు వస్తాయి, ధరలో తేడా చాలామటుకు వాటిదే. ముప్పై కిలోలకు పైబడిన బరువును మహబూబ్‌నగర్ బస్సు ఎక్కించే ఓపిక నీకుంటే అది వేరే విషయం.

అమెరికా నుంచి తెచ్చే వాల్వు ఆంప్ దేనికైనా అసలు చిక్కు కరెంటు దగ్గర వస్తుంది. అక్కడిది 120 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్), మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. నేరుగా మన సాకెట్‌లో పెడితే ఫ్యూజుతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనుక రాసిన వాట్లకు కనీసం రెండింతల సామర్థ్యం ఉన్నది తీసుకో. కోఠిలో దొరికే చౌక రకాలు కొన్ని రెండు పిన్నుల సాకెట్‌తోనే వస్తాయి, వాటిలో ఎర్త్ అవతలికి చేరదు. మల్టీమీటర్‌తో ఆంప్ ఇన్‌పుట్ జాక్ లోహానికీ, గోడ ప్లగ్ ఎర్త్ పిన్నుకూ మధ్య కొలిచి చూడు, దాదాపు సున్నా ఓములు రావాలి. రాకపోతే గిటార్ తీగలు పట్టుకొని మైకుకు మూతి ఆనించే నీకే ప్రమాదం. 60 సైకిళ్లకే కట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కొంత ఎక్కువ వేడెక్కుతుంది కూడా.

మన జిల్లాల్లో వోల్టేజి కదలికలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మోటార్లన్నీ నడిచే వేళ 230 కాస్తా 190కి దిగితే, వాల్వు ఫిలమెంటుకు అందవలసిన 6.3 వోల్టులు సుమారు 5.2కు పడిపోతాయి. ఆంప్ మొద్దుబారుతుంది, అలాగే నడిపిస్తే వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. ఫంక్షన్ హాలు జనరేటర్ మీదనైతే ఒక్కొక్కసారి దీనికి రివర్సుగా వోల్టేజి ఎక్కువై కూర్చుంటుంది. కాబట్టి వాల్వు ఆంప్ ఏది కొన్నా మంచి స్టెబిలైజర్ ఖర్చు కూడా అందులో కలిపి చూసుకో.

ఇక నీకు నా సలహా. నువ్వు వాయించేది ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో, రాత్రిళ్లు గదిలో. మాటిమాటికీ మోయాలి, పెద్ద హాల్లో ఎలాగూ ఆంప్ ముందు మైకు పెడతారు. 230 వోల్టులకు తయారైన 65 డీలక్స్ పునర్ముద్రణ, వీలైతే ఒక మనిషి చేతిలో వాడబడినది, నీకు సరిపోతుంది. మోత బరువనిపిస్తే, గదిలో సాధనే ఎక్కువైతే టోన్‌మాస్టర్ తీసుకో, నేనేమీ అనను. డాలస్ నుంచి రాబోయే పాతదాన్ని ధర చాలా తక్కువైతే తప్ప వద్దని చెప్పు. జేసీఎం 800 మీద మోజు తీరకపోతే 2204కే వెతుకు, దానికి గెయిన్, మాస్టర్ వాల్యూమ్ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి కొంత అదుపులో పెట్టవచ్చు.

చూడటానికి వెళ్లేటప్పుడు నీ గిటార్, నీ కేబులు, లూపర్, మల్టీమీటర్ వెంట తీసుకెళ్లు. స్పీకర్ వైరు తగిలించి ఉందని చూడకుండా వాల్వు ఆంప్ స్విచ్ వేయనివ్వకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వెనుక పలక, స్పీకర్ అంకెల ఫోటోలు నాకు పంపు, అడ్వాన్సు ఇచ్చే ముందే పంపు.

ఇట్లు,
మీ మేనమామ