యూటా సెనేట్‌లో డాక్టరమ్మ

ప్రశ్న: మోర్మన్ల (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవారి) తొలి వలసల్లో అమెరికాలోని యూటాకు చేరిన ఒక వైద్యురాలు ఎన్నికల్లో సొంత భర్తనే ఓడించి సెనేటర్ అయ్యారని విన్నాను. ఇది నిజమేనా? ఆమె జీవితం గురించి తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమే. ఆమె పేరు మార్తా హ్యూస్ కానన్. అయితే దాన్ని భార్యాభర్తల ముఖాముఖి పోరుగా చెప్పుకోవడం సరికాదు. 1896 నవంబరు 3న సాల్ట్ లేక్ కౌంటీలోని ఐదు రాష్ట్ర సెనేట్ (రాష్ట్ర చట్టసభలోని ఎగువ సభ) స్థానాలకు రెండు పార్టీలూ ఐదుగురేసి అభ్యర్థులను నిలబెట్టగా, మార్తా డెమోక్రాట్ల జాబితాలోను, ఆమె భర్త ఆంగస్ కానన్ రిపబ్లికన్ల జాబితాలోను ఉన్నారు. ఐదు స్థానాలూ డెమోక్రాట్లకే దక్కడంతో, అమెరికాలో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన తొలి మహిళగా ఆమె చరిత్రకెక్కారు.

మార్తా 1857లో వేల్స్‌లోని లాండుడ్నోలో పుట్టారు. మోర్మన్ మతం స్వీకరించిన తల్లిదండ్రులు పిల్లలతో అమెరికాకు వలసవెళ్లి, రైలుమార్గం ఇంకా పడని 1861లో, బళ్ల బిడారుతో మైదానాలు దాటారు. ఆ దారిలోనే మార్తా చెల్లెలు చనిపోయింది. సాల్ట్ లేక్ లోయకు చేరిన కొద్ది రోజులకే తండ్రి కన్నుమూశారు. ఆ ఇంటి పిల్ల పత్రికాఫీసులో అచ్చు అక్షరాలు కూర్చే పనిచేస్తూ చదువుకు డబ్బు కూడబెట్టుకుని, 1880లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందడం సామాన్యమైన విషయం కాదు.

1884లో ఆమె ఆంగస్‌కు నాలుగో భార్య అయ్యారు. మోర్మన్లు అప్పట్లో పాటించిన బహుభార్యత్వంపై కేంద్ర ప్రభుత్వం కేసులు పెడుతున్న కాలమది. ఆంగస్ 1885లోనే జైలుకు వెళ్లారు. అలాంటి కుటుంబాల్లో కాన్పులు చేసిన వైద్యురాలిగా తనను కోర్టుకు పిలిచి, ఆ బిడ్డల తండ్రులపై సాక్ష్యం చెప్పిస్తారన్న భయంతో, 1886లో చంటిబిడ్డను ఎత్తుకుని ఆమె ఇంగ్లండు వెళ్లిపోయారు. రోగులకు ద్రోహం చేయకుండా ఉండటానికి అయినవాళ్లకు దూరంగా రెండేళ్లు గడిపిన ఆ మనిషిని ఒక్క ఎన్నిక కథతో గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

యూటా స్త్రీలకు 1870లోనే ఓటుహక్కు వచ్చినా, 1887లో అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. 1896లో రాష్ట్ర హోదాతో పాటే అది తిరిగి దక్కింది. ఆ హక్కు కోసం గట్టిగా వాదించిన మార్తా, సభలో అడుగుపెట్టాక వైద్యురాలి చూపుతోనే పనిచేశారు. రాష్ట్ర ఆరోగ్య మండలి ఏర్పాటుకు, చూపు, వినికిడి, మాట లేని పిల్లలకు చదువు చెప్పించడానికి, ఉద్యోగినుల ఆరోగ్య రక్షణకు ఆమె బిల్లులు తెచ్చారు. దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలకు, పనిలేని వేళ కూర్చోవడానికి యజమానులు ఆసనాలు సమకూర్చాలన్న నిబంధన ఆ కోవలోదే. తొలి ఆరోగ్య మండలిలో ఆమె సభ్యురాలు కూడా.

1899లో మూడో బిడ్డ పుట్టినప్పుడు, మోర్మన్ చర్చి 1890లోనే విడిచిపెట్టిన బహుభార్యత్వం మళ్లీ చర్చకు వచ్చింది. ఆ పదవీకాలం ముగిశాక ఆమె మరి పోటీచేయలేదు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో మరణించారు. 2024లో వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో యూటా రాష్ట్రం తరఫున ఆమె విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.