కీళ్లవాతానికి గుండె పరీక్షలు ఎందుకు?

"అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. నొప్పి కీళ్లలో ఉంటే డాక్టరు గుండె పరీక్షలు రాశారేమిటి?" అని అడిగారు. రాసి మంచిపని చేశారు.

ఈ జబ్బు కీళ్ల దగ్గరే ఆగదు. కీలును వాపెక్కించే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలే రక్తంలో తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని సడలిస్తుంది. వాపు ఏళ్ల తరబడి కొనసాగితే ఆ విడుదల తగ్గి, నాళం బిరుసెక్కి, గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. అందుకే యూరప్ రుమటాలజీ సంఘం యూలార్, మామూలు లెక్కల్లో వచ్చే గుండె ముప్పును వీరి విషయంలో 1.5తో గుణించమని సూచించింది.

చాలామంది పొరబడేది కొలెస్ట్రాల్ దగ్గర. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు అది తక్కువగా కనిపించవచ్చు. రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి, ఆ తగ్గుదల వాపు వల్ల వచ్చినదే. చికిత్సతో వాపు అణిగాక అంకె పెరగవచ్చు. దానికి భయపడి మందు మానకూడదు. రక్తంలో కొలెస్ట్రాల్ వంటి కొవ్వులను కొలిచే లిపిడ్ పరీక్షను జబ్బు నిలకడగా ఉన్నప్పుడు చేయించడమే మేలు.

నాళాలకు అసలు రక్షణ వాపును అదుపులో ఉంచడమే. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవారిలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. స్టెరాయిడ్ మాత్రం డాక్టరు చెప్పినంతే, వీలైనంత తక్కువ మోతాదులో. మందుల షాపులో సొంతంగా కొనే నొప్పి మాత్రలు బీపీని పెంచగలవు, దయచేసి ఆ అలవాటు మాన్పించండి.

జబ్బు పాతబడినవారిలో అరుదుగా నాళాలే వాస్తాయి. గోళ్ల అంచుల్లో చిన్న నల్లమచ్చలు, మానని కాలి పుండు, ఉన్నట్టుండి పాదం పైకి లేవకపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించండి.