ఐదు వేల డాలర్లతో సెట్లు: 1942లో హాలీవుడ్ స్టూడియోలు ఎలా నెట్టుకొచ్చాయి?

అమెరికా యుద్ధంలోకి దిగిన కొద్ది నెలలకే, 1942లో, ఒక్కో చిత్రం సెట్ల కోసం కొత్త సామగ్రిపై ఐదు వేల డాలర్లకు మించి ఖర్చు పెట్టరాదని అక్కడి ప్రభుత్వం కట్టడి విధించిందని, అయినా ఆ కాలపు చిత్రాలు తెర మీద అంత నిండుగా ఎలా కనిపిస్తున్నాయని మీరు అడిగారు. నేను హైదరాబాదులో చాలా ఏళ్లుగా సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను కనుక, సెట్లు వేసేవాడి కంటితో ఆ చిత్రాలను చూసి తెలుసుకున్నది చెబుతాను.

ఆ పరిమితి కొత్త సామగ్రికి మాత్రమే కాబట్టి, గోదాముల్లో పేరుకుపోయిన తలుపులు, స్తంభాలు, మెట్లు ఒక్కసారిగా విలువైన ఆస్తులయ్యాయి. ఆర్కేవో సంస్థలో వాల్ లూటన్ నిర్మించగా జాక్ తూర్నర్ దర్శకత్వం వహించిన ‘క్యాట్ పీపుల్’లో నాయిక ఉండే అపార్ట్‌మెంట్ భవనపు మెట్లు, ఆర్సన్ వెల్స్ ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ కోసం కట్టించిన భవంతి మెట్లే. మేము కూడా ఒకసారి జమీందారు బంగళాగా వేసిన హాలును లాడ్జిగా మార్చవలసి వచ్చింది. గోడల రంగు మార్చినా, తలుపులు మార్చినా, ఆ మెట్లు పాత సినిమానే గుర్తుచేశాయి. కెమెరామన్ పై లైట్లన్నీ ఆర్పించి, రెయిలింగ్ నీడ గోడ మీద సాగేలా కింద ఒక్క లైటు పెట్టించాకే అది వేరే చోటయింది. ‘క్యాట్ పీపుల్’ ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా ఆ మెట్లను నీడలో ముంచిన తీరు చూసినప్పుడల్లా నాకు ఆ సెట్టు గుర్తొస్తుంది.

అదే ఏడాది వార్నర్ బ్రదర్స్‌లో మైకేల్ కర్టిజ్ తీసిన ‘కాసాబ్లాంకా’ చివరి విమానాశ్రయ సన్నివేశాన్ని స్టూడియో లోపలే చిత్రీకరించారు. వెనక నిలిచి ఉన్న విమానం ప్లైవుడ్‌తో చేసిన చిన్న ఆకారం. చిన్నదిగా చేస్తే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, దాని పక్కన మామూలు ఎత్తు మనిషి నిలబడితే గుట్టు రట్టవుతుంది. అందుకే పొట్టివారిని మెకానిక్కులుగా నిలబెట్టి, అంచులు కనిపించకుండా పొగమంచు కమ్మించారు. కథకు కావలసిన దిగులు కూడా ఆ మంచులోనే దొరకడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

హిచ్‌కాక్ మరో దారి పట్టారు. 1943లో విడుదలైన ‘షాడో ఆఫ్ ఎ డౌట్’ కోసం ఆయన కాలిఫోర్నియాలోని శాంటా రోసా పట్టణానికి వెళ్లి, అసలైన వీధుల్లో, అసలైన ఇంటి ముందు చిత్రీకరించారు. తన ఇల్లు సినిమాలో కనిపించబోతోందన్న సంబరంతో యజమాని షూటింగుకు ముందే దానికి కొత్తగా రంగులు వేయించేశాడట. ఆ కొత్తదనం పోగొట్టి ఇంటిని మళ్లీ పాతదిగా కనిపించేలా చేయడం యూనిట్‌కు అదనపు పనయిందని హిచ్‌కాక్ తర్వాత చెప్పారు. లొకేషన్‌లో పనిచేసిన ఏ ఆర్ట్ అసిస్టెంటుకైనా ఈ కష్టం అర్థమవుతుంది.

అయితే ఆ చిత్రాల చీకటి అందమంతా ఆ ఐదు వేల డాలర్ల పరిమితి పుణ్యమే అనే మాటను నేను ఒప్పుకోను. ముసురాకా 1940లోనే, అంటే ఈ కట్టడి రాకముందే, ‘స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్’ అనే చిన్న చిత్రానికి అలాంటి నీడలను వాడారు. తక్కువ ఖర్చుతో చిత్రాలు తీసే యూనిట్లకు పాత సెట్టును లైటుతో కొత్తది చేయడం అప్పటికే రోజువారీ పని. యుద్ధం వచ్చాక పెద్ద చిత్రాల వారికి కూడా ఆ పనితనం అవసరమైంది, అంతే. ఆ పనితనాన్ని చేతుల్లో పెట్టుకున్న ఛాయాగ్రాహకులు, వడ్రంగులు, పెయింటర్లు అప్పటికే స్టూడియోల్లో ఉన్నారు కాబట్టే కొత్త కలప కరువైనా ఆ చిత్రాలు వెలితిగా కనిపించలేదు.